ముచుకుందుడికి ఐర్లండ్‌లో చుట్టం

మదనపల్లె కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఒక ఐర్లండ్ కవి, వాళ్ల పురాణాలనూ మన పురాణాలనూ ఒకే అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆ కూర్పు ఇప్పటికీ ఎందుకు లాగుతోంది? ఎక్కడ తడబడింది?

అనంతగిరి గుట్టల్లో మూసీ పుట్టిన కథ వికారాబాద్, తాండూరు వైపు వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. కార్తీక మాసంలో అనంత పద్మనాభస్వామి జాతరకు మా బంట్వారం నుంచి బయల్దేరే పెద్దవాళ్లు బస్సు గుట్ట ఎక్కకముందే అది మొదలుపెట్టేస్తారు. కాలయవనుడు తరుముకొస్తుంటే కృష్ణుడు పరుగెత్తి గుహలోకి దూరాడు. లోపల ఎవరో ఆదమరచి నిద్రపోతున్నారు. దొరికాడు దొంగ అనుకుని కాలయవనుడు ఒక్క తన్ను తన్నాడు. పడుకున్నవాడు కృష్ణుడు కాదు, ముచుకుంద మహారాజు. దేవతల తరఫున రాక్షసులతో యుద్ధం చేసి చేసి అలసి, వరంగా నిద్రను అడిగినవాడు. లేపినవాడు కాలిపోతాడని ఆ వరానికి ఒక షరతు. ముచుకుందుడు కళ్లు తెరిచాడు, కాలయవనుడు బూడిదయ్యాడు. ఎదురుగా నిలిచిన కృష్ణుడి కాళ్లు ముచుకుందుడు కడిగితే పారిన నీళ్లే మూసీ అయ్యాయి. ఆ నీళ్లు హైదరాబాదు దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర చివరికి కృష్ణలోనే కలుస్తాయి. కథ చెప్పేవాళ్లు ఈ మాట మాత్రం ఎప్పుడూ మరిచిపోరు.

వాళ్లు సాధారణంగా చెప్పనిది తరువాయి భాగం. అది భాగవతం దశమ స్కంధంలో ఉంది. ముచుకుందుడు గుహలోంచి బయటికొచ్చి చుట్టూ చూస్తాడు. మనుషులు పొట్టివాళ్లయిపోయారు. పశువులు చిన్నవైపోయాయి, చెట్లూ తీగలూ కురచబడ్డాయి. తను పడుకున్నప్పటి లోకం ఇది కాదు. కలియుగం వచ్చిందని గ్రహించి, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా, తపస్సుకు ఉత్తరంగా వెళ్లిపోతాడు.

ఇప్పుడు ఐర్లండ్ వెళ్దాం. ఫిన్ అనే వీరుడి కొడుకు ఒషీన్. బంగారు జుట్టున్న నీవ్ అనే అప్సరస లాంటి పిల్ల తెల్లగుర్రం మీద వచ్చి అతన్ని సముద్రం అవతలి దేశానికి తీసుకుపోయింది. అక్కడ ముసలితనం లేదు, చావు లేదు. కొన్నాళ్లు ఉన్నాననుకున్నాడు ఒషీన్. ఇంటి మీద గాలి మళ్లింది. వెళ్లు గానీ గుర్రం దిగొద్దు అని చెప్పి పంపింది నీవ్. వచ్చి చూస్తే తన వాళ్లు ఒక్కరూ లేరు. మూడు వందల ఏళ్లు గడిచిపోయాయి. ఒక లోయలో కొందరు మనుషులు బండరాయి ఎత్తలేక అవస్థ పడుతున్నారు. ఎంత చిన్నమనుషులు, ఎంత బలహీనులు! జాలేసి, జీను మీంచే వంగి ఒంటిచేత్తో రాయి తోశాడు. జీను పట్టీ తెగింది. కాలు నేలకు తగిలిన మరుక్షణం మూడు వందల ఏళ్ల ముసలితనం మీద పడింది.

తాండూరు నాపరాళ్ల గనుల్లో బండ లేపేవాళ్లకు ఈ కథ చెప్పి చూడండి. ఒషీన్ ఎందుకు వంగాడని వాళ్లు అడగరు.

రెండు కథలకూ అల్లిక ఒక్కటే. కాలం బయట గడిపి తిరిగొచ్చినవాడికి లోకం కురచగా కనిపించడం. అయితే వాటి ముగింపులు ఎడమొహం పెడమొహం. ముచుకుందుడు లోకానికి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఒషీన్ వెళ్లలేదు. అప్పటికే ఐర్లండ్‌కు క్రైస్తవం తెచ్చిన పాట్రిక్ ముని దగ్గర కూర్చుని, మీ స్వర్గంలో మా నాన్నకూ ఆయన వేటకుక్కలకూ చోటుందా, లేకపోతే ఆ స్వర్గం నాకెందుకు అని తగువాడాడు. ఆ తగువు అక్కడి సాహిత్యంలో శతాబ్దాలపాటు నడిచింది.

ఈ రెండు కథలూ తెలిసినవాడు, రెండు నేలల మీదా బతికినవాడు ఒకాయన మన తెలుగు నేల మీదే ఉండేవారు. పేరు జేమ్స్ కజిన్స్.

గుమస్తా, కవి, ప్రిన్సిపాల్

కజిన్స్ 1873లో బెల్ఫాస్ట్‌లో పుట్టారు. పెద్ద చదువులు లేవు. గుమస్తాగిరీతో మొదలుపెట్టి, డబ్లిన్ చేరి, బడిలో పాఠాలు చెప్పుకుంటూ కవిత్వం రాశారు. అది ఐర్లండ్ తన పాత దేవతలను మళ్లీ వెతుక్కుంటున్న కాలం. ఇంగ్లీషువాళ్ల పాలనలో భాష సగం పోయింది. పంతొమ్మిదో శతాబ్దపు మహా కరువు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. మిగిలింది కథలే. లేడీ గ్రెగరీ ఆ కథలను పుస్తకాలుగా కూర్చారు. కవి యేట్స్ 1889లోనే ఒషీన్ మీద దీర్ఘకావ్యం వేశారు. ‘ఏఈ’ అన్న పొట్టిపేరుతో రాసిన జార్జ్ రసెల్ పగలు సహకార సంఘాలు పెట్టించడానికి సైకిల్ మీద పల్లెలు తిరిగి, రాత్రి దేవతల బొమ్మలు గీసేవారు. 1902లో ఏఈ రాసిన ‘డీర్‌డ్రా’ నాటకంలో కజిన్స్ వేషం కూడా కట్టారు.

యేట్స్‌కు మాత్రం కజిన్స్ రాతలు నచ్చలేదు. రచయిత జేమ్స్ జాయిస్ 1904లో కొద్ది రోజులు కజిన్స్ ఇంట్లో తలదాచుకుని, తర్వాత ఆయన్ని ఒక వెక్కిరింత పద్యంలోకి ఎక్కించాడు. ఆ ఇద్దరి పక్కన నిలబడాల్సి వచ్చిన మామూలు కవికి చరిత్రలో ఏ గతి పడుతుందో కజిన్స్‌కూ అదే పట్టింది. ఆయన కవితలు ఇప్పుడు ఐర్లండ్‌లో కూడా చదివేవాళ్లు తక్కువ. నేను చదివినంత మేర, తప్పు చదివేవాళ్లది కాదు.

భార్య మార్గరెట్ మాత్రం నిప్పు. ఆడవాళ్లకు ఓటు కావాలని డబ్లిన్ కోటలో కిటికీ అద్దాలు పగలగొట్టి, 1913లో టల్లమోర్ జైల్లో నిరాహారదీక్ష చేశారు. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) మీద ఇద్దరికీ గురి. 1915లో ఆ సమాజం నడిపే అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు దిగారు. కజిన్స్‌కు బిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో ఉద్యోగం. 1916 ఈస్టర్ వారంలో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. నాయకులను ఇంగ్లీషు సైన్యం కాల్చిచంపింది. వాళ్లలో కజిన్స్ ఎరిగిన కవులున్నారు. వాళ్లను మెచ్చుకుంటూ ఆయన పత్రికలో రాశారు. పత్రిక నెత్తిన అసలే ప్రభుత్వం కత్తి వేలాడుతోంది. ఆ వ్యాసంతో ఆయన ఉద్యోగం పోయింది. అలా మద్రాసు నుంచి మదనపల్లె వచ్చారు. బిసెంట్ అంతకు ముందు ఏడాదే పెట్టిన దివ్యజ్ఞాన కళాశాలలో ఇంగ్లీషు చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు.

మదనపల్లె అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది 1919 ఫిబ్రవరి. రవీంద్రనాథ్ టాగోర్ ఆ కాలేజీకి వచ్చి, కజిన్స్ దంపతుల అతిథిగా ఉండి, ‘జనగణమన’ పాడి వినిపించారు. దానికి అక్కడే ఇంగ్లీషు అనువాదం రాశారు. స్వరాలను కాగితం మీద పెట్టినది మార్గరెట్. బడిపుస్తకాల్లో కూడా ఈ ముక్క చోటుచేసుకుంది. దాని నీడలో పడి మరుగైపోయింది కజిన్స్ అసలు వ్యాపకం. ఐర్లండ్ నుంచి ఆయన మోసుకొచ్చిన సామానులో 1912లో అచ్చయిన సన్నటి పుస్తకం ఒకటి ఉంది. పేరు ‘ద విజ్డమ్ ఆఫ్ ద వెస్ట్’. ఐరిష్ పురాణాలను ఎలా చదవాలో చెప్పే పుస్తకం అది.

లోపలికి చదవడం

కజిన్స్ పద్ధతి మనవాళ్లకు బాగా తెలిసినదే. హరికథకులూ, గీతా ప్రవచనకారులూ రోజూ చేసేదే. కురుక్షేత్రం బయట లేదు, నీ గుండెలోనే ఉంది అంటారు చూడండి, ఆ దారి. ఐరిష్ దేవతలు చీకటిజాతితో చేసిన యుద్ధం మనిషిలోని రెండు శక్తుల యుద్ధం. సముద్రం అవతలి యవ్వన దేశం ఆత్మ స్థితి. నిషేధించిన బావి, దాని మీద వంగిన చెట్లు, ఆ కాయలు తిన్న చేప, అన్నీ జ్ఞానానికి మెట్లు. ఇందులో దివ్యజ్ఞాన సమాజం లెక్కలు గట్టిగా కలిశాయి. లోకాలకు అంతస్తులు, ఆత్మకు పొరలు, ప్రతి దేవుడికీ ఒక గది.

ఈ గదుల లెక్క ఈనాడు ముక్కవాసన వేస్తుంది. కథ దగ్గర తాళంచెవి పెడితే తలుపు తెరుచుకుంటుంది నిజమే. కానీ ప్రతి తలుపుకూ అదే తాళంచెవి పెడుతూ పోతే, నాలుగో గదిలో ఏముందో చూడకుండానే చెప్పేయొచ్చు. పుస్తకం మధ్యకొచ్చేసరికి పాఠకుడు అదే పని చేస్తాడు.

మరి లాగేది ఏమిటి? కజిన్స్ చేసిన ఒక పని అప్పట్లో ఇంగ్లీషులో రాసే తెల్లవాళ్లు పెద్దగా చేయనిది. ఆయన మన కథలనూ వాళ్ల కథలనూ పక్కపక్కన పెట్టినప్పుడు ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న తూకం తేలేదు. బాలర్ అనే ఒంటికన్ను రాజు కథ తీసుకోండి. మనవడి చేతిలో చస్తావని జోస్యం. కూతుర్ని కోటలో బంధించాడు. అయినా మనవడు లూగ్ పుట్టాడు, పరాయి ఇంట్లో పెరిగాడు, యుద్ధంలో తాత కంట్లోకి వడిసెల రాయి విసిరి చంపాడు. బాలర్ కన్ను తెరిస్తే ఎదురున్నవాళ్లు నాశనం. కంసుడూ ముచుకుందుడూ ఒకే కథలో కలిసినట్టుంటుంది. ఇలాంటి పోలికలు చూసిన మిషనరీలు ఒకటి ‘అసలు’, మరొకటి ‘నకలు’ అని తేల్చేవారు. పండితులు భాషల వంశవృక్షం గీసేవారు. కజిన్స్ రెంటినీ సమానంగా కూర్చోబెట్టి వినమన్నారు. పాలకుల కింద నలిగిన ఒక దేశం నుంచి మరో నలిగిన దేశానికి వచ్చినవాడికి ఆ సమానత్వం పుస్తకాల్లోంచి రాలేదు.

అందుకే ఆయన మాటకు ఇక్కడ ఊహించని చోట్ల పంట పండింది. ఆయన ‘న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్’ అనే విమర్శ పుస్తకం మీద సమీక్ష రాయడానికి పుదుచ్చేరిలో కూర్చున్న అరవిందులు, సమీక్షను దాటి ‘ద ఫ్యూచర్ పొయెట్రీ’ అనే పెద్ద వరుసే రాశారు. కజిన్స్ ‘ద రినైసెన్స్ ఇన్ ఇండియా’ చదివి, అదే పేరుతో ఇంకో వ్యాస పరంపర మొదలుపెట్టారు. హైదరాబాదులో పుట్టిన హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ తొలి కవితల పుస్తకానికి 1918లో ముందుమాట రాసిందీ కజిన్సే. చిత్రకళలోనూ అంతే. మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలకూ, 1935లో తిరువనంతపురంలో తెరిచిన శ్రీ చిత్రాలయానికీ ఆయన చెయ్యి ఉంది. తిరువాన్కూరులో ఉండగా 1937లో హిందువుగా మారి జయరామ్ అని పేరు పెట్టుకున్నారు. 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

వీటన్నిటికంటే పెద్ద పంట మైసూరులో పండింది. 1924లో పంతొమ్మిదేళ్ల కన్నడ కుర్రాడు తన ఇంగ్లీషు కవితలు పట్టుకుని కజిన్స్ దగ్గరికి వెళ్లాడు. అప్పటికే ఇంగ్లీషులో చిన్న పుస్తకం ఒకటి అచ్చువేసి ఉన్నాడు. కజిన్స్ చదివి, మీ భాషలో ఏం రాశావని అడిగారు. ఏమీ లేదు. నీ భాషలో రాయి అన్నారు. ఆ కుర్రాడు కువెంపు. పాతికేళ్లకు ఆయన రాసిన ‘శ్రీ రామాయణ దర్శనం’ కన్నడకు మొదటి జ్ఞానపీఠం తెచ్చింది.

మదనపల్లె పిల్లలకు కజిన్స్ ఇలాంటి మాటే చెప్పి ఉంటే తెలుగులో ఎవరు పుట్టేవారో అని నాకో చిన్న ఈర్ష్య. అయితే ఆ ఏళ్లలోనే తెలుగువాళ్లకు ఐర్లండ్ ఇంకో దారిలో తగిలింది.

డబ్లిన్ వెళ్లిన బారిస్టరు

కజిన్స్ ఇటు రావడానికి ఒక్క ఏడాది ముందు, 1914లో, కృష్ణా జిల్లా అంగలూరు నుంచి ఒకాయన లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. 1917లో బారిస్టరై తిరిగొచ్చి తెనాలిలో స్థిరపడ్డారు. ఆయనే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. (తర్వాత మన రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కూడా ఆ కాలంలో డబ్లిన్ విద్యార్థే. 1916 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి రావాల్సి వచ్చింది.) ఐర్లండ్ నుంచి వచ్చినవాడు మన పురాణాలకు దండం పెట్టాడు. ఐర్లండ్ చూసి వచ్చినవాడు మన పురాణాలను బోనెక్కించాడు. 1920లో ‘శంబుక వధ’, ఆ తర్వాత ‘సూతపురాణం’. మదనపల్లెలో కజిన్స్ పురాణంలో ఆత్మయాత్ర చూస్తున్న రోజుల్లోనే, తెనాలిలో రామస్వామి చౌదరి అదే పురాణంలో ఎవడి మెడ తెగిందో లెక్క అడిగారు.

ఇద్దరిలో ఎవరు సరి? తప్పించుకోవడానికి ఇద్దరూ అనొచ్చు. నాకు అలా అనాలని లేదు. ఒక ఐరిష్ కథ చెబుతాను, చూడండి.

తారా కొండ మీద మాక్ కాన్ రాజ్యం చేస్తున్నాడు. ఒక పేదరాలి గొర్రెలు రాణిగారి తోటలోకి పోయి, బట్టలకు నీలిరంగు తీసే మొక్కలను మేసేశాయి. తగువు రాజు దగ్గరికొచ్చింది. గొర్రెలన్నీ రాణికి చెందాలని మాక్ కాన్ తీర్పు చెప్పాడు. అక్కడే ఉన్న కార్మాక్ అనే పిల్లవాడు ఆగు అన్నాడు. గొర్రెలు తిన్నది మొక్కల తలలే, వేళ్లు కాదు, అవి మళ్లీ చిగురుస్తాయి. గొర్రెల ఉన్ని కత్తిరించి రాణికివ్వండి, అదీ మళ్లీ పెరుగుతుంది. కోతకు కోత చెల్లు. ఆ మాట అనగానే తప్పుడు తీర్పు వెలువడిన సభామందిరం ఒక పక్కకు జారిపోయిందట. మాక్ కాన్ ఏలుబడిలో ఇక గడ్డి మొలవలేదు, చెట్టు ఆకు వేయలేదు, ధాన్యం గింజ పట్టలేదు. జనం అతన్ని దించేసి కార్మాక్‌ను ఎక్కించారు.

మేకలు పరాయి చేనులో పడితే బందెలదొడ్డికి తోలడం, జరిమానా కట్టలేని ముసలమ్మ సర్పంచు ఇంటి ముందు కూర్చోవడం చూసి పెరిగినవాళ్లకు ఈ కథ దూరదేశానిది అనిపించదు. దిబ్బ మీద కూర్చున్న పశులకాపరి పిల్లవాడు రాజుకంటే మంచి తీర్పు చెప్పే విక్రమార్క సింహాసనం కథ కూడా దీని పక్కదే. రాజు ధర్మం తప్పితే వాన పడదన్న నమ్మకం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఐరిష్ పండితుడు మైల్స్ డిలన్ ‘కెల్ట్స్ అండ్ ఆర్యన్స్’ అనే పుస్తకంలో రెండు జాతుల ఆచారాల మధ్య ఇలాంటి పోలికలనే వెతికాడు.

ఇప్పుడు అదే నమ్మకాన్ని ఉత్తరకాండలో చూడండి. ఒక బ్రాహ్మణుడి కొడుకు అకాలంగా చనిపోయాడు. రాజ్యంలో ఎక్కడో ధర్మం తప్పింది. వెతకగా దొరికింది తపస్సు చేస్తున్న శూద్రుడు. రాముడి కత్తికి శంబుకుడి తల తెగింది, పిల్లవాడు బతికాడు. సూత్రం ఒక్కటే, తప్పు జరిగితే నేల పండదు, బిడ్డ బతకదు. ఆ సూత్రం తారాలో పేదరాలి గొర్రెలను వెనక్కి ఇప్పించింది. అయోధ్య ఏలుబడిలో తపస్వి తల తీయించింది. శంబుకుడు మన లోపలి తామసగుణం, రాముడు ఆత్మ అని లోపలికి చదివామనుకోండి, నెత్తురు కనబడదు. కజిన్స్ దారి ఇక్కడే బెడిసికొడుతుంది. లోపలికి చదివే చదువు, ఎవరి నష్టమూ లేని కథల్లో ఎంతో అందంగా ఉంటుంది. ఎవరి తలో తెగిన కథలో అది నేల తుడిచే గుడ్డ అయిపోతుంది. ఆ మాట అనడానికి తెనాలి బారిస్టరే కావాల్సి వచ్చింది.

చిత్రం ఏమిటంటే, కజిన్స్ సలహాతో కన్నడంలోకి మళ్లిన కువెంపే 1944లో ‘శూద్ర తపస్వి’ అనే నాటకం రాశారు. అందులో రాముడు అస్త్రం వదులుతాడు. అది శంబుకుడి మీదికి పోదు. ఫిర్యాదు చేసిన బ్రాహ్మణుడి వెంట పడుతుంది. ప్రాణభయంతో పరుగెత్తిన ఆయనకు చివరికి తన అహం కనబడుతుంది, తపస్వికి తలవంచుతాడు. కువెంపు పురాణాన్ని పడగొట్టలేదు. లోపలి అర్థం పేరుతో మాఫీ కూడా చేయలేదు. బాణం దిశ మార్చారు. మదనపల్లె, తెనాలి కలిసిన చోటు ఏదైనా ఉందంటే నాకు ఆ నాటకమే కనిపిస్తుంది. అది తెలుగులో పుట్టి ఉండాల్సిందన్న ఈర్ష్య మళ్లీ ఒకసారి.

తోటమాలి దారి

ఐర్లండ్‌లో ఈ తరం పాఠకులు కజిన్స్‌ను కాదు, జాన్ మొరియార్టీని పట్టుకుని తిరుగుతున్నారు. 1938లో కెర్రీ ప్రాంతంలో రైతు ఇంట పుట్టిన మొరియార్టీ కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెప్పి, 1971లో ఉద్యోగం వదిలి వచ్చి, కానమారాలో తోటమాలిగా బతికారు. యాభై ఏళ్లు దాటాక, 1994లో ‘డ్రీమ్‌టైమ్’ వచ్చింది. ఆ తర్వాత పుస్తకం వెంట పుస్తకం. 2007లో పోయారు. 2012లో ఆయన మీద సినిమా వచ్చింది. 2021లో కథకుడు మార్టిన్ షా ఆయన రచనల్లోంచి ఏరి ఒక సంకలనం వేశాక ఇంగ్లండు కుర్రకారు కూడా చదువుతోంది.

కజిన్స్‌కూ ఈయనకూ తేడా ఎక్కడంటే, మొరియార్టీ కథకు గదులు కట్టడు. కథను నేల మీద పెడతాడు. ఆయన మళ్లీమళ్లీ చెప్పేది బ్రాన్ ప్రయాణం. బ్రాన్ పడవలో సముద్రం మీద పోతుంటాడు. ఎదురుగా మనన్నాన్ అనే సముద్రదేవుడు రథం తోలుకుంటూ వస్తాడు, నీళ్ల మీద! నువ్వు సముద్రం అనుకుంటున్నావు గానీ నాకిది పూలమైదానం, నీ పడవ చెట్ల కొమ్మల మీదుగా పోతోంది చూసుకో అంటాడు. ఇద్దరూ ఉన్నది ఒకే చోట. ఈ చూపు పోగొట్టుకున్నందువల్లే భూమిని తవ్వి పారేస్తున్నాం అని మొరియార్టీ వాదన. ఆయన పుస్తకాల్లో బుద్ధుడూ, ఉపనిషత్తులూ, అమెరికా ఆదివాసుల తాబేలూ, ఐరిష్ దేవతలూ ఒకే పేజీలో తారసపడతారు. కొన్నిచోట్ల ఊపిరాడదు. ఇంత సామాను ఒక్క బండికి ఎక్కించాలా అనిపిస్తుంది. అయినా ఆ మనన్నాన్ కథ వదలదు. హైదరాబాదులో చాదర్‌ఘాట్ వంతెన మీంచి ముక్కు మూసుకుని చూసే మూసీ నీరూ, అనంతగిరి జాతరలో నెత్తిన చల్లుకునే నీరూ ఒకటే కదా.

యువతకు ఇలాంటి పుస్తకాలు ఎందుకు ఎక్కుతున్నాయంటే, వాళ్లకు దొరికే మిగతా రెండు దారులూ మూసుకుపోయినట్టున్నాయి. ఒకవైపు పురాణాల్లో విమానాలూ ప్లాస్టిక్ సర్జరీలూ వెతికే బృందం. కథను సైన్సు పరీక్షకు కూర్చోబెట్టి, తామే పేపరు దిద్ది, నూటికి నూరు వేసుకుంటారు. రెండోవైపు అంతా అబద్ధం, కట్టిపెట్టండి అనేవాళ్లు. కవిరాజు, రచయిత్రి రంగనాయకమ్మ చేసిన పనిలో సగం కూడా చదవకుండా ఆ మాట అనడం ఇప్పుడు ఫ్యాషన్. వాళ్లిద్దరూ పురాణాన్ని అక్షరం అక్షరం చదివే కొట్లాడారు. కథను నమ్మకుండా, పారేయకుండా దాని పక్కన కాసేపు కూర్చోనిచ్చే రచన కోసం ఒక ఆకలి ఉంది. అది ఐర్లండ్‌లోనూ ఉంది, హైటెక్ సిటీలోనూ ఉంది.

మనకు ముందే ఉన్న దారి

నిజానికి తెలంగాణ పల్లెకు ఇదంతా కొత్త కాదు. ఇక్కడ చాలా కులాలకు సొంత పురాణం ఉంది, దాన్ని చెప్పే ఆశ్రిత కులమూ ఉంది. గొల్ల కురుమలకు మల్లన్న, బీరప్ప కథలు ఒగ్గువాళ్లు చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు పటం పరిచి చెబుతారు. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు చెబుతారు. అందులో జాంబవంతుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. చిట్టచివర నిలబెట్టిన కులం, తన కథలో సృష్టి మొదట్లోనే అందరికంటే ముందు నిలబడింది. రామస్వామి చౌదరి వాదనతో చేసింది, కువెంపు నాటకంతో చేసింది, డక్కలి కళాకారుడు కిన్నెర మీద ఎప్పుడో చేసి పెట్టాడు. చిందు భాగవతంలో కృష్ణుడి వేషం కట్టేవాడు, ఆ ఊరి గుడి గడప తొక్కనివ్వని కులంవాడు. ఆ వేషం మీద ఉన్నంతసేపూ ఊరంతా అతనికి దండం పెడుతుంది. దీన్ని లోపలికి చదవాలా, బయటికి చదవాలా? చదవక్కర్లేదు, అక్కడ నిలబడి చూస్తే చాలు.

కిన్నెర మొగులయ్యకు 2022లోనూ, చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకూ, నారాయణపేట వైపు బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకూ 2024లోనూ పద్మశ్రీలు వచ్చాయి. సంతోషమే. కానీ ఆశ్రిత కులాలకు మిరాశీ ఇచ్చే ఊళ్లు తగ్గిపోయాయి, రాత్రంతా కూర్చుని వినేవాళ్లూ తగ్గారు. లేడీ గ్రెగరీ గుడిసె గుడిసెకూ పోయి, ముసలివాళ్ల నోట విన్నవి రాసుకున్నట్టు, బంట్వారం, తాండూరు వైపు కన్నడం కలిసిన తెలుగులో చెప్పే కథలను ఊరూరా తిరిగి రాసుకోవాల్సిన పని మిగిలే ఉంది. ఇది సర్కారు పథకం అయ్యేదాకా ఆగితే చెప్పేవాళ్లు మిగలరు. ఫోన్లో రికార్డింగు బటన్ అందరికీ ఉంది.

ఇంత విన్నాక ఐరిష్ వైపు దిగాలనిపించినవాళ్లకు ఒక మాట. మొరియార్టీతో మొదలుపెట్టకండి, మధ్యలో వదిలేస్తారు. ముందు లేడీ గ్రెగరీ ‘గాడ్స్ అండ్ ఫైటింగ్ మెన్’ చదవండి. లూగ్, బాలర్, ఒషీన్ కథలు అందులో వివరణ లేకుండా వట్టి కథలుగా ఉంటాయి. తర్వాత కజిన్స్ దంపతులు ఇద్దరూ కలిసి రాసుకున్న జీవిత చరిత్ర ‘వి టూ టుగెదర్’ దొరికితే పట్టుకోండి, 1950లో అచ్చయింది. ఆయన కవితలకంటే అందులో ఆయన బాగుంటారు, ఆవిడ ఇంకా బాగుంటారు. మొరియార్టీకి చివరన రండి. అదీ ‘ఇన్వోకింగ్ ఐర్లండ్’తో. చిన్న పుస్తకం, అర్థం కాని పేజీ వస్తే తిప్పేయవచ్చు.